తాళం వేసే ముందు ఒక్కసారి లోపలికి రండి: మా పురపాలక సంఘానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పురపాలక కమిషనర్ గారికి, చైర్‌పర్సన్ గారికి, కౌన్సిల్ సభ్యులందరికీ నమస్కారాలు.

మా యువజన కేంద్రం తలుపు మీద మీ కార్యాలయం సిబ్బంది అంటించి వెళ్లిన నోటీసు గురించి ఈ లేఖ రాస్తున్నాను. ముప్పై రోజుల్లో భవనం ఖాళీ చేయాలని, ఆ స్థలంలో వాణిజ్య సముదాయం కట్టే ప్రతిపాదన ఉందని అందులో ఉంది. మర్నాడే మొదటి వినతిపత్రం ఇచ్చాం. ఆ తర్వాత మరో రెండు ఇచ్చాం. మూడింటి మీదా మీ కార్యాలయం ముద్ర ఉంది. జవాబు మాత్రం ఒక్కదానికీ లేదు. సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెడితే, సంబంధిత శాఖకు పంపినట్లు ఫోనుకు సందేశం వచ్చింది. ఆ సంబంధిత శాఖ మళ్లీ మీ కార్యాలయమే. సమాచార హక్కు చట్టం కింద కౌన్సిల్ తీర్మానం నకలు అడిగాం. చట్టం పెట్టిన 30 రోజుల గడువు దాటిపోయినా ఆ కాగితం మా చేతికి రాలేదు. నోటీసు గడువు తీరినా ఇంకా ఎవరూ వచ్చి తాళం వేయలేదు, అలాగని నోటీసు రద్దయిందని కూడా ఎవరూ చెప్పలేదు. చెప్పుకోవలసిన చోటల్లా చెప్పుకున్నాం కాబట్టి, ఇక ఊరందరి ముందూ చెబుతున్నాను.

నేను ముప్పై ఒక్క ఏళ్లు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. ఈ కేంద్రం తాళంచెవులు ఆరేళ్లుగా నా దగ్గరే ఉన్నాయి.

ముందు మా వైపు లోపం ఒప్పుకుంటాను. ఈ భవనం వాడుకోవడానికి మా దగ్గర రాతపూర్వకమైన ఒప్పందం లేదు. పిల్లలు తగ్గిపోయి మూతపడిన పురపాలక ప్రాథమిక పాఠశాల ఇది. కిటికీ రెక్కలు ఊడిపోయి, ఆవరణలో పిచ్చి మొక్కలు నడుము ఎత్తు పెరిగి, రాత్రిళ్లు తాగుబోతులకు అడ్డాగా మారిన రోజుల్లో, అప్పటి అధికారి ఒకరు 'శుభ్రం చేసి వాడుకోండి, పిల్లలకు పనికొస్తుంది' అన్నారు. ఆ మాట పట్టుకుని పని మొదలుపెట్టాం. కాగితం అడగాలని తోచలేదు. నోటి మాటకు చట్టంలో విలువ లేదని మీరంటే కాదనలేను. కానీ ఆరేళ్లుగా అక్కడ జరుగుతున్న పనికి విలువ కట్టకుండా తీర్పు చెప్పకండి.

అక్కడ ఏం జరుగుతుందో మీలో చాలామంది చూడలేదు. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది వరకు తలుపులు తీసి ఉంటాయి. ప్రవేశ రుసుము లేదు. కులం, మతం, చదువు ఎవరూ అడగరు. 2014 నాటి జాతీయ యువజన విధానం 15 నుంచి 29 ఏళ్ల వారిని యువత అంది. మేం ఆ లెక్కే పెట్టుకున్నాం, కానీ పన్నెండేళ్ల వాళ్లు వచ్చినా వెనక్కి పంపం. ఒక గదిలో పుస్తకాలు, పోటీ పరీక్షల తయారీ. ఒక గదిలో క్యారమ్స్, చదరంగం, డప్పు, కోలాటం. వెనుక వసారాలో మరమ్మతు బల్ల. ఆవరణలో వేప చెట్టు, నేరేడు చెట్టు, ఎరువు గుంత, కూరగాయల మడులు, నాటు విత్తనాల డబ్బాలు. ప్లాస్టిక్ కప్పు, ప్లాస్టిక్ ప్లేటు గేటు దాటి లోపలికి రావు. 2022 జులై 1 నుంచి దేశమంతటా ఒక్కసారి వాడి పారేసే ఆ వస్తువుల మీద నిషేధం అమల్లోకి వచ్చింది. మేం అంతకు ముందే మానేశాం. పుట్టినరోజు చేసుకునేవాళ్లు ఇంటి నుంచి స్టీలు గ్లాసులు తెచ్చుకుంటారు.

ఆ ఆవరణలో నేను అన్నిటికంటే ఎక్కువగా ప్రేమించేది ఒక సిమెంటు వాలుదారిని. దాని సంగతి కాస్త వివరంగా చెప్పనివ్వండి.

బడి గుమ్మానికి మూడు మెట్లు ఉన్నాయి, ఒక్కొక్కటి ఆరు అంగుళాలు. మొదటి ఏడాది ఒక మేస్త్రీ పుణ్యానికి తొమ్మిది అడుగుల వాలు కట్టిపెట్టాడు. చక్రాల కుర్చీ దాని మీద ఎక్కాలంటే వెనుక నుంచి ఇద్దరు తోయాలి. దిగేటప్పుడు ముందుకు దొర్లిపోతుందేమోనని చూసేవాళ్లందరికీ గుండె దడ. పిల్లల చేతికి టేపు ఇచ్చి కొలిపించాను. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది ప్రమాణం. అంటే పద్దెనిమిది అంగుళాల ఎత్తుకు పద్దెనిమిది అడుగులు. ప్రహరీ గోడ అడ్డొచ్చింది. అందుకని వాలును మలుపు తిప్పి, మలుపు దగ్గర కుర్చీ తిరగడానికి ఐదడుగుల చదును వదిలి, రెండు పక్కలా పైపులు బిగించి మళ్లీ కట్టాం. సిమెంటు, ఇటుక చందాలతో వచ్చాయి. కూలి మా పిల్లలదే. తడి ఆరి గట్టిపడిన రోజు సాయంత్రం, డిగ్రీ రెండో ఏడు చదువుతున్న ఒక అబ్బాయి ఎవరినీ పిలవకుండా తన చేతులతోనే చక్రాలు తిప్పుకుంటూ పైకి వచ్చాడు. గుమ్మం దాకా వచ్చి, కుర్చీ తిప్పుకుని కిందికి దిగాడు. మళ్లీ ఎక్కాడు. అలా నాలుగుసార్లు. చుట్టూ ఇరవై మంది ఉన్నారు, ఒక్కరూ మాట్లాడలేదు.

అయ్యా, అమ్మా, అదే అబ్బాయి మా రెండో వినతిపత్రం ఇవ్వడానికి మీ కార్యాలయానికి వచ్చాడు. వినతులు తీసుకునే విభాగం మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మెట్ల కింద గంటన్నర కూర్చున్నాడు. చివరికి ఒక అటెండరు జాలిపడి రిజిస్టరు కిందికి తెచ్చి సంతకం చేయించుకున్నాడు. ఆ అటెండరు మంచితనానికి చేతులెత్తి దణ్ణం పెడతాను. కానీ పౌరుడు తన వినతి ఇవ్వడానికి మరొకరి జాలి కోసం ఎదురుచూడాలా? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 45వ సెక్షన్, ఉన్న ప్రభుత్వ భవనాలన్నీ ఐదేళ్లలో అందరూ ప్రవేశించగలిగేలా మార్చాలంది. నియమాలు 2017 జూన్‌లో వెలువడ్డాయి, ఆ ఐదేళ్లు 2022లోనే నిండాయి. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, ఈ ప్రమాణాలు వీలుంటే పాటించే సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరిగా అమలు చేయవలసిన నిబంధనలు తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఊళ్లో ఆ పని సొంత ఖర్చుతో చేసి చూపించిన భవనాన్ని ఈరోజు మీరు కూల్చబోతున్నారు.

కూలిస్తే ఎవరికి ఏమవుతుందో మాకు తెలిసిన మేరకు వరుసగా చెబుతాను.

1. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు మళ్లీ ఇంటి గడపకే పరిమితమవుతారు. ఇప్పుడు నలుగురు క్రమం తప్పకుండా వస్తున్నారు. ఊళ్లో సినిమా హాలుకు మెట్లు, గ్రంథాలయానికి మెట్లు, బ్యాంకుకు మెట్లు. సాయంత్రం పూట స్నేహితులతో కూర్చోవడానికి వాళ్లకున్న చోటు ఇదొక్కటే. ఒక తల్లి నాతో అన్న మాట: 'వాడు కేంద్రానికి వెళ్లొచ్చిన రోజు అన్నం అడిగి తింటాడమ్మా.'

2. వినికిడి లేని పిల్లలకు సైగల భాషలో మాట్లాడే తోడు పోతుంది. మా దగ్గర శని, ఆదివారాల్లో సైగల తరగతి జరుగుతుంది. నేర్పేది వినికిడి లేని ఒక యువకుడు, నేర్చుకునేది వినగలిగినవాళ్లు. బజారులో మందుల దుకాణంలో పనిచేసే అమ్మాయి వచ్చి నొప్పి, జ్వరం, ఎన్నిసార్లు, తిన్నాకా తినకముందా అన్న సైగలు నేర్చుకుని వెళ్లింది. వినాయక చవితికి ముందు పది రోజులు మట్టి విగ్రహాల పని అంతా ఆ యువకుడి చేతి మీదే నడుస్తుంది. చెరువు మట్టి పిసికి ముద్ద చేశాక బొటనవేలితో నొక్కి చూపిస్తాడు. వేలిగుర్తు చెదరకుండా నిలిస్తే మట్టి సిద్ధం, అంచులు పగిలితే ఇంకాస్త తడి కావాలి. ఒక్క మాట లేకుండా ముప్పై మంది పిల్లలకు అది తెలిసిపోతుంది. విగ్రహం బాగా కుదిరితే ఎవరూ చప్పట్లు కొట్టరు, రెండు చేతులూ పైకెత్తి వేళ్లు ఆడిస్తారు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో మార్గదర్శకాలు సవరించింది కదా, ఆ మాట ఊళ్లో నిలబెడుతున్నది ఈ పిల్లలు. గత రెండేళ్లు మీ కార్యాలయం కూడా మా దగ్గరి నుంచే విగ్రహాలు తీసుకువెళ్లి వార్డుల్లో పంచిపెట్టింది.

3. ఆడపిల్లలు ఆగిపోతారు. ఇది అన్నిటికంటే ముందు జరుగుతుంది, ఎవరికీ కనబడకుండా జరుగుతుంది. మీ సిబ్బంది ఒకరు, ఖాళీ చేస్తే బైపాస్ అవతల వేరే స్థలం చూపిస్తామని నోటి మాటగా చెప్పారు. అది ఊరికి ఐదు కిలోమీటర్లు. ఆ దారిలో ఆరు దాటితే బస్సు లేదు, వీధి దీపాలు లేవు. ఇప్పుడున్న కేంద్రం బజారు మధ్యలో ఉంది. కూరలు కొనడానికి వచ్చిన తల్లి కూతుర్ని లోపల దింపి, తిరిగి వెళ్తూ తీసుకుపోతుంది. ఎదురుగా టైలరు దుకాణం, పక్కన పాలకేంద్రం, రాత్రి ఎనిమిది దాకా మనుషుల సందడి. ఆ సందడి చూసే తండ్రులు పంపుతున్నారు. మరుగుదొడ్డి శుభ్రంగా ఉండటం, దానికి లోపల గడియ ఉండటం ఎంత పెద్ద సంగతో ఆడపిల్లల తల్లిదండ్రులను అడగండి. 1935లో పెదపాలెంలో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవకెక్కించి కాలువ వెంట ఊళ్లకు చేర్చారు. మనుషులు రాలేని చోట పుస్తకమే వాళ్ల దగ్గరకు వెళ్లాలన్న ఆలోచన ఉన్న నేల ఇది. అలాంటి చోట, జనం మధ్య ఉన్నదాన్ని పెకిలించి జనం లేని చోట పెడతామంటే ఎలా ఒప్పుకోవాలి?

4. ట్రాన్స్‌జెండర్ యువతకు పేరు పోతుంది. మా హాజరు పట్టీలో ఎవరు ఏ పేరు రాసుకుంటే అదే వాళ్ల పేరు. ఇంట్లోంచి వచ్చేసిన ఒక యువతి ఆ పేరుతోనే మా దగ్గర కూర్చుని ఓపెన్ స్కూలు పదో తరగతి రాసి పాసైంది. లెక్కలు నేను చెప్పాను. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, సాయంత్రాలు చిన్నపిల్లలకు తెలుగు చదివిస్తోంది. 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గుర్తింపు హక్కును తేల్చి చెప్పింది. ఊళ్లో ఆ తీర్పు అమలవుతున్న గది ఒకటి ఉందంటే అది ఇదే.

5. చెత్త పెరుగుతుంది, పేదల ఖర్చు పెరుగుతుంది. ప్రతి ఆదివారం మరమ్మతు బల్ల దగ్గర విద్యుత్ శాఖలో లైన్‌మ్యాన్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఒక పెద్దాయన కూర్చుంటారు. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోందంటే చాలామటుకు కెపాసిటర్ పోయి ఉంటుంది. వంద రూపాయల లోపు పని అది, తెలియక కొత్త ఫ్యాను కొంటారు. మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు, సైకిళ్లు అక్కడ బాగవుతాయి. బాగు చేసేది ఐటీఐ చదివే అబ్బాయిలూ ఇంటర్ అమ్మాయిలూ. పనితోపాటు చదువు కూడా అక్కడే సాగుతుంది.

6. నీళ్లు పోతాయి. ఒక్క మిల్లీమీటరు వాన పడితే చదరపు మీటరు కప్పు మీద లీటరు నీరు చేరుతుంది. ఆ పెంకుల కప్పు సుమారు రెండు వందల చదరపు మీటర్లు. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల వాన అనుకుంటే రెండు లక్షల లీటర్లు. చిమ్మి, ఆవిరై పోయేదానికి ఐదో వంతు తీసేసినా లక్షా అరవై వేల లీటర్లు మా ఇంకుడు గుంతలోకి దిగుతున్నాయి. గొట్టాలు బిగించింది పిల్లలు, లెక్క కట్టింది కూడా పిల్లలే. పక్క వీధి చేతిపంపు మే నెలలోనూ ఎండకుండా ఉండటానికి ఇది కూడా ఒక కారణమని ఆ వీధివాళ్లే అంటారు. ఆవరణ అంతా కాంక్రీటు పరిస్తే ఆ నీరు కాలువలోకి, కాలువలోంచి రోడ్డు మీదికి వస్తుంది.

7. చెట్లు పోతాయి. వేప చెట్టు బడి పెట్టినప్పటిదంటారు. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు నరకాలంటే అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి కోసం ఎవరైనా దరఖాస్తు చేశారా, చేస్తే ఏమని రాశారన్నది మాకు తెలియాలి.

భవనం పాతదైపోయిందని, ప్రమాదకరమని కూడా ఒక మాట వినిపిస్తోంది. ఏ ఇంజినీరు, ఎప్పుడు వచ్చి చూశారు? మేమున్నప్పుడు ఎవరూ రాలేదు. అవి సున్నంతో కట్టిన అడుగున్నర మందం గోడలు. మే నెల మధ్యాహ్నం బయటి నుంచి లోపలికి అడుగుపెడితే చల్లదనం ఒంటికి తెలుస్తుంది. ఎత్తయిన పైకప్పు, ఎదురెదురు కిటికీలు. ఏసీ అవసరం ఎప్పుడూ రాలేదు. దూలాల్లో రెండింటికి చెద పట్టిన మాట నిజం, వాటిని మార్చాలి. అందుకు ఒక వడ్రంగిని పిలిస్తే చాలు. మంచి గోడల్ని పడగొట్టి, ఆ శిథిలాలు లారీల్లో ఊరి బయట పోసి, కొత్త సిమెంటు, ఇనుము తెచ్చి ఎండకు కాలిపోయే డబ్బా కట్టడం పర్యావరణానికీ నష్టమే, ఖజానాకూ నష్టమే.

ఆదాయం కోసమే దుకాణాలంటే, ఒక్క మాట. పాత బస్టాండు ఎదుట పురపాలక సంఘం కట్టిన సముదాయంలో పై అంతస్తు దుకాణాలు సగానికి పైగా తాళాలతో ఉన్నాయి. వేలానికి పాటదారులు రావడం లేదు. కొత్తవి కట్టే ముందు వాటి సంగతి చూడండి. పురపాలక సంఘానికి డబ్బు అవసరమని నాకు తెలుసు, జీతాలు, వీధి దీపాలు, మురుగు కాలువలు అన్నీ మీరే చూసుకోవాలి. ఆ కష్టాన్ని తక్కువ చేయను. కానీ రాజ్యాంగం 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలు పురపాలక సంఘాలకు అప్పగించిన 18 పనుల్లో పర్యావరణ పరిరక్షణ ఉంది, బలహీన వర్గాల, దివ్యాంగుల ప్రయోజనాలు కాపాడటం ఉంది, పార్కులు, ఆటస్థలాలు ఉన్నాయి, సాంస్కృతిక, విద్యా వికాసం ఉంది. ఈ నాలుగూ ఒకే ప్రహరీ లోపల, మీ ఖజానా నుంచి రూపాయి ఖర్చు లేకుండా జరుగుతున్నాయి. కరెంటు బిల్లు కూడా చందాలతోనే కడుతున్నాం. ఆరేళ్ల జమాఖర్చుల పుస్తకాలు కేంద్రంలోనే ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడవచ్చు.

మేం చేయలేకపోయినవీ ఉన్నాయి. చూపు లేనివాళ్లు ఒంటరిగా గేటు నుంచి గదిదాకా రావడానికి నేలపై గుర్తులు వేయలేదు. డప్పు సాధన వల్ల వెనుక ఇంటి పెద్దవారికి ఇబ్బంది అయింది. వారు చెప్పాక ఏడుకల్లా ఆపేస్తున్నాం. శివారు వాడల పిల్లలు ఇంకా తక్కువగానే వస్తున్నారు. ఇవన్నీ సరిదిద్దుకోవడానికి మాకు భవనం ఉండాలి.

మేం అడుగుతున్నవి ఇవి:

1. ఖాళీ చేయాలన్న నోటీసును రాతపూర్వకంగా ఉపసంహరించుకోండి. ఆలోగా కూల్చివేత పనులేవీ మొదలుపెట్టవద్దు.

2. వాణిజ్య సముదాయంపై కౌన్సిల్ తీర్మానం, భవన స్థితిపై ఇంజినీరింగ్ నివేదిక ఏవైనా ఉంటే బయటపెట్టండి. లేకపోతే లేవని రాసివ్వండి.

3. భవనం పురపాలక సంఘం పేరు మీదే ఉండనివ్వండి. నామమాత్రపు అద్దెకు పదేళ్ల ఒప్పందం రాయండి. నిర్వహణ సంఘంలో మీ ప్రతినిధి ఉండాలి, సగం మంది యువత ఉండాలి, అందులో ఆడపిల్లలు, దివ్యాంగులు తప్పకుండా ఉండాలి. తాళంచెవులు ఆ సంఘానికి అప్పగించి నేను పక్కకు తప్పుకుంటాను.

4. చెద పట్టిన దూలాల మార్పిడికి అంచనా వేయించండి. ఖర్చులో సగం చందాలు పోగుచేసి ఇస్తాం.

5. మీ కార్యాలయంలో వినతుల విభాగాన్ని వెంటనే కింది అంతస్తుకు మార్చండి. దీనికి నిధులు అక్కర్లేదు, ఒక బల్ల, రెండు కుర్చీలు కిందికి దించితే సరిపోతుంది. ఈ కోరిక మా కేంద్రం భవిష్యత్తుతో ముడిపడింది కాదు, మా విషయంలో మీ నిర్ణయం ఏదైనా ఇది చేయండి.

6. నిర్ణయానికి ముందు ఒక బహిరంగ విచారణ జరపండి. అందులో సైగల భాషలో చెప్పే మనిషిని పెట్టండి. మనిషి దొరకకపోతే మా పిల్లలు వచ్చి చెబుతారు.

డిసెంబరు 3 అంతర్జాతీయ దివ్యాంగుల దినం. ఏటా ఆ రోజు మీ సమావేశ మందిరంలో సభ పెట్టి శాలువాలు కప్పుతారు. ఆ మందిరం కూడా పై అంతస్తులోనే ఉంది. కిందటిసారి మా పిల్లల్లో ఇద్దరిని కుర్చీలతో సహా ఎత్తుకుని తీసుకెళ్లారు. పైకి చేరేదాకా ఒకడు కళ్లు మూసుకునే ఉన్నాడు. ఈ ఏడు ఆ సభ మా ఆవరణలో, వేప చెట్టు కింద జరపండి. మా కోరికలకు మీ జవాబు అక్కడ అందరి ముందూ చెప్పండి. కుర్చీలు మేం వేస్తాం. మంచినీళ్లు స్టీలు గ్లాసుల్లో ఇస్తాం. గేటులోంచి వచ్చేటప్పుడు మెట్లు వదిలేసి, ఎడమ పక్కనున్న వాలుదారి మీదుగా నడిచి రండి.

ఇట్లు,
యువజన కేంద్రానికి వచ్చిపోయే పిల్లల తరఫున,
విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు